అలీగఢ్ రివ్యూ: రైలు పట్టాలకు ఒకవైపు తాళాలు, మరొకవైపు తరగతులు

నమస్కారం. ఉత్తరప్రదేశ్ యాత్ర అనగానే మనవాళ్లు కాశీ, ప్రయాగ, అయోధ్య, ఆగ్రా పేర్లు చెబుతారు గాని, ఢిల్లీ నుంచి కాన్పూర్ వెళ్లే రైలు మార్గంలోనే ఉన్న అలీగఢ్‌లో దిగాలని ఎవరూ అనుకోరు. ఢిల్లీకి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, గంగా యమునల నడుమ మైదానంలో ఉన్న ఈ నగర జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 8.7 లక్షలు. స్టేషన్‌కు ఒకవైపు పాత ఊరు, మరొకవైపు సివిల్ లైన్స్, విశ్వవిద్యాలయం ఉంటాయి. వీటిలో ఒక్కదాన్నే చూసి వెళ్లిపోయినవారు అలీగఢ్ మీద చెప్పే తీర్పును నేను నమ్మను.

ముందుగా పాత ఊరికి వెళదాం. ఒకప్పుడు కోల్ అని పిలిచిన ఈ ఊళ్లో ఎత్తైన దిబ్బ మీద ఊపర్ కోట్, దానిపై 18వ శతాబ్దంలో సాబిత్ ఖాన్ కట్టించిన జామా మసీదు ఉన్నాయి. ఆ దిబ్బ చుట్టూ ఉన్న సందుల్లోనే మన ఇళ్ల తలుపులకు వేలాడే తాళం కప్పల్లో ఎన్నో తయారవుతాయి. ఒక తాళం ఒకే కర్మాగారంలో మొదలై అక్కడే పూర్తవుతుందనుకుంటే పొరపాటే. ఒకచోట కప్పను పోతపోస్తారు, మరొకచోట లోపలి లివర్లను, అంటే గడియను పట్టి ఉంచే చిన్న లోహపు రేకులను కత్తిరిస్తారు, ఇంకొక ఇంట్లో కూర్చుని తాళంచెవి పళ్లను ఆకురాయితో అరగదీస్తారు, చివరకు పాలిష్, నికెల్ పూత మరెవరి చేతుల మీదుగానో జరుగుతాయి. చెవిని తిప్పినప్పుడు దాని పళ్లు ప్రతి లివర్‌నూ సరైన ఎత్తుకు లేపితేనే గడియ కదులుతుంది. అందువల్లనే ఆకురాయి పట్టినవాడి చెయ్యి వెంట్రుకవాసి తప్పినా ఆ తాళం పనికిరాదు. ఈ నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే, పూత పూసే గదుల్లోని ఆమ్లపు ఆవిరి, లోహపు ధూళి ఆ కార్మికుల ఊపిరితిత్తులకు చేసే హానిని మరచిపోకూడదు. వీడియోలు తీసేవాళ్లం మెరిసే సరుకును చూపించి ఆ గదులను వదిలేస్తుంటాం.

కఠ్‌పులా వంతెన దాటితే వాతావరణం పూర్తిగా మారిపోతుంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో చిన్న పాఠశాలగా ప్రారంభించిన సంస్థ 1877లో కళాశాలగా, 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంగా ఎదిగింది. దాని మొదటి ఛాన్సలర్ భోపాల్ బేగం సుల్తాన్ జహాన్ అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఎర్ర ఇటుకల స్ట్రాచీ హాల్, విక్టోరియా గేట్, ఏడంతస్తుల మౌలానా ఆజాద్ గ్రంథాలయం తప్పక చూడవలసినవి. తెలుగువారికి ఇక్కడ మరొక ఆసక్తికరమైన సంగతి కూడా ఉంది. సర్ సయ్యద్ తరువాతి కాలంలో ఈ కళాశాల కార్యదర్శులుగా బాధ్యత వహించిన మొహ్సిన్ ఉల్ ముల్క్, వికార్ ఉల్ ముల్క్ ఇద్దరూ అంతకుముందు హైదరాబాద్ సంస్థానంలో ఏళ్ల తరబడి ఉన్నతోద్యోగాలు చేసినవారే. చరిత్రలో నిలిచిన ఆ బిరుదులు కూడా నిజాం ఇచ్చినవే.

నగర శివారులో అలీగఢ్ కోట ఉంది. మరాఠా పాలకులైన సింధియాల కొలువులోని ఫ్రెంచి సేనాని పెరాన్ ఆధీనంలో ఉన్న దీన్ని 1803 సెప్టెంబరులో జనరల్ లేక్ నాయకత్వంలోని ఆంగ్ల సేన పట్టుకుంది. ఆ చరిత్రపై ఆసక్తి లేనివారు దీన్ని వదిలేసినా నష్టం లేదు.

తిండి విషయానికొస్తే, ఉదయం పూట వేడి కచోరీ, కారంగా ఉండే బంగాళాదుంప కూర ఈ ఊరి అలవాటు. ఇడ్లీ కోసం వెతుక్కోకుండా దానికే అలవాటు పడడం మంచిది. లోపాల విషయంలోనూ మొహమాటం అక్కరలేదు: పాత ఊరి సందుల్లో ఈ-రిక్షాలు ఒకదానికొకటి అడ్డుపడి కదలవు, వానాకాలంలో పల్లపు ప్రాంతాల్లో నీరు నిలుస్తుంది, యాత్రికులకు దారి చూపే బోర్డులు చాలా తక్కువ. అందువల్ల పసిపిల్లలతో, పెద్ద సామానుతో ఉన్న కుటుంబాలకు నేను ఈ ఊరిని సిఫారసు చేయను. చేతిపనుల మీద, విద్యాసంస్థల చరిత్ర మీద ఇష్టం ఉన్నవారు మాత్రం ఒక పూర్తి రోజు కేటాయించవచ్చు. ఉదయం ఊపర్ కోట్, మధ్యాహ్నం తరువాత విశ్వవిద్యాలయం చూడడం సౌకర్యంగా ఉంటుంది.

చలికాలంలో జరిగే నుమాయిష్ అనే ప్రదర్శన సమయానికి వస్తే ఊరంతా సందడిగా కనిపిస్తుంది. అయితే ఆ నెలల్లోనే దట్టమైన పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతుంటాయి కనుక, ఢిల్లీలో రాత్రి విమానం ఎక్కవలసినవారు అలీగఢ్ నుంచి మధ్యాహ్నానికే బయలుదేరడం మేలు.