పదహారు పాయింట్ల దూరం

శ్రోతలకు నమస్కారం.

2023 నవంబరు 24, శుక్రవారం. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు. నెబ్రాస్కా రాష్ట్ర రాజధాని లింకన్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఆమె కొడుకు అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదువుతున్నాడు. "పెద్దమ్మా, ఇన్నాళ్ళు లింకన్‌లో ఉండి ఒక్క మ్యాచ్ అయినా చూడకుండా వెళ్తావా?" అని పట్టుబట్టి స్టేడియానికి తీసుకువెళ్ళాడు. చలి ఎముకలు కొరుకుతోంది. చుట్టూ ఎనభై వేలకు పైగా జనం. ఎటు చూసినా ఎర్ర కోట్లు, ఎర్ర టోపీలు. స్కోరు 10-10. ఆఖరి క్షణంలో పొరుగు రాష్ట్రమైన అయోవా జట్టు ఆటగాడు బంతిని తన్నాడు. బంతి రెండు స్తంభాల నడుమ నుంచి దూసుకుపోయింది. 13-10. ఆట ముగిసింది.

అంతమంది ఉన్న చోట అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు ఎరగను. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఆ నిశ్శబ్దం గురించి. కూలిపోయిన జట్టును మళ్ళీ కట్టుకుంటున్నప్పుడు, ఆ జట్టును ప్రేమించేవాళ్ళు ఏమి ఆశించాలి, ఎంత ఆశించాలి అన్న ప్రశ్న గురించి.

ముందుగా ఒక మాట. ఇది మనం ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెడుతూ, ఎదుటివాళ్ళను నేలకూలుస్తూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అక్కడ విశ్వవిద్యాలయాల జట్లకు ఉన్న ఆదరణ మన ఊహకు అందదు. నెబ్రాస్కా జనాభా సుమారు 20 లక్షలు. పెద్ద లీగులో ఆడే వృత్తి క్రీడాకారుల ఫుట్‌బాల్ జట్టు ఆ రాష్ట్రానికి లేదు. ఉన్నదల్లా విశ్వవిద్యాలయం జట్టే. మొక్కజొన్న విస్తారంగా పండే రాష్ట్రం కాబట్టి ఆ జట్టుకు 'కార్న్ హస్కర్స్' అని పేరు, అంటే మొక్కజొన్న పొత్తులు ఒలిచేవాళ్ళు. 1962 నవంబరు నుంచి అక్కడి మెమోరియల్ స్టేడియంలో అభిమానుల ముందు జరిగిన ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. ఆ వరుస 400 ఆటలు దాటింది. గెలిచినా ఓడినా అంతే. ఆట ఉన్న శనివారం ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరం అని అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఒమాహా, లింకన్‌లను మినహాయిస్తే ఆ రాష్ట్రంలో అంతమంది జనం ఉన్న ఊరు మరొకటి లేదు.

ఆ గర్వం ఊరికే రాలేదు. బాబ్ డెవానీ 1962లో కోచ్‌గా వచ్చారు. అంతకుముందు ఏడాది ఆ జట్టు గెలిచినవి 3 ఆటలే. డెవానీ హయాంలో 1970లో, 1971లో జాతీయ చాంపియన్లు అయ్యారు. ఆ తరువాత టామ్ ఆస్బర్న్ 1973 నుంచి 1997 దాకా 25 సీజన్లు నడిపించారు. 1994, 1995, 1997 సంవత్సరాల్లో మళ్ళీ చాంపియన్లు. ఆయన చివరి అయిదు సీజన్లలో జట్టు 60 ఆటలు గెలిచి 3 మాత్రమే ఓడింది. 1969 నుంచి 2001 దాకా, అంటే వరుసగా 33 సీజన్లు, ఏ ఏడూ 9 విజయాలకు తగ్గలేదు. పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకునేంత కాలం గెలుపు తప్ప మరొకటి తెలియని ఊరు అది.

అయితే ఆ బంగారు రోజుల లోపలికి వెళ్ళి చూస్తే మరో కథ ఉంది. నన్ను బాగా ఆకట్టుకున్నది అదే. ఆస్బర్న్ మొదటి అయిదేళ్ళూ ప్రధాన ప్రత్యర్థి ఓక్లహోమా చేతిలో ఓడుతూనే వచ్చారు. ఈయన వల్ల కాదన్న మాటలు అప్పుడూ వినిపించాయి. 1984 జనవరిలో, సీజన్ చివర జరిగే ఆరెంజ్ బౌల్ అనే మ్యాచ్ ఆఖరి నిమిషంలో మయామి కన్నా ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, చేతిలో ఒక అదనపు ప్రయత్నం ఉంది. ఒక్క పాయింటు చాలనుకుంటే ఆట సమమయ్యేది, జాతీయ కిరీటం దాదాపు ఖాయమయ్యేది. ఆస్బర్న్ రెండు పాయింట్ల కోసం ప్రయత్నించారు. బంతి నేలపాలైంది. 31-30తో ఓడారు. కిరీటం చేతికి రావడానికి అక్కడి నుంచి మరో పదేళ్ళు పైనే పట్టింది. మొత్తం మీద ఆయన మొదటి జాతీయ విజయం 22వ సీజన్‌లో వచ్చింది. ఈనాటి అభిమానులు తలచుకునే స్వర్ణయుగం అన్నేళ్ళ నిరీక్షణ మీద నిలబడింది. జ్ఞాపకంలో మాత్రం కిరీటాలు మిగిలాయి, నిరీక్షణ చెరిగిపోయింది.

ఆ చెరిగిపోవడమే తరువాతి కష్టాలకు మూలం అని నా నమ్మకం.

2003లో ఫ్రాంక్ సోలిచ్ అనే కోచ్ 9 గెలిచి 3 ఓడారు. ఉద్యోగం పోయింది. నెబ్రాస్కా స్థాయికి అది చాలదన్నారు. మరుసటి ఏడు కొత్త కోచ్ కింద 5 గెలుపులు, 6 ఓటములు. 1961 తరువాత గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ అదే మొదటిది. తరువాత బో పెలీనీ ఏడు సీజన్లు నడిపించారు. ఏటా 9 లేదా 10 విజయాలు. 2014లో ఆయననూ పంపేశారు. 2018లో స్కాట్ ఫ్రాస్ట్ వచ్చారు. లింకన్‌లోనే పుట్టిన మనిషి. 1997 చాంపియన్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని చేతిలోకి తీసుకుని ఎవరికి అందించాలో, ఎటు విసరాలో నిర్ణయించే ఆటగాడు. అంతకుముందు ఏడాదే మరో విశ్వవిద్యాలయం జట్టును 13-0తో, అంటే 13 గెలుపులతో, ఒక్క ఓటమీ లేకుండా నడిపిన కోచ్. సొంత ఇంటి బిడ్డ తిరిగి వచ్చాడని రాష్ట్రమంతా పండుగ చేసుకుంది. మొదటి ఆరు ఆటలూ ఓడారు. 2021లో 12 ఆటల్లో 9 ఓడారు, అందులో ఒక్కటి కూడా 9 పాయింట్లకు మించిన తేడాతో కాదు. 2022 సెప్టెంబరులో జార్జియా సదరన్ జట్టు లింకన్‌కు వచ్చి 45-42తో గెలిచి వెళ్ళిన మరునాడే ఆయనను తొలగించారు. ఒప్పందం ప్రకారం ఇంకో మూడు వారాలు ఆగితే చెల్లించవలసిన పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి సగానికి తగ్గేది. ఆగలేకపోయారు. ఆ 75 లక్షల డాలర్లు ఒక రాష్ట్రం ఓపిక నశించిందనడానికి కట్టిన వెల.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని మన సామెత. నెబ్రాస్కా అభిమానులను పక్క రాష్ట్రాలవాళ్ళు ఇంచుమించు ఇదే అర్థం వచ్చేలా దెప్పుతుంటారు. నాకు ఆ దెప్పుపొడుపు న్యాయంగా తోచదు. నెయ్యి రుచి తెలిసినవాళ్ళు మళ్ళీ నెయ్యి కావాలనుకోవడం తప్పెలా అవుతుంది? తప్పు ఎక్కడ జరిగిందంటే, పాడి లేని ఇంట్లో రేపే నెయ్యి వడ్డించమని అడగడంలో జరిగింది.

మాట్ రూల్ అనే కోచ్ 2022 చివరలో వచ్చారు. పడిపోయిన జట్లను లేపిన చరిత్ర ఆయనది. టెంపుల్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడు 2-10, రెండో ఏడు 6-6, మూడో ఏడు 10 విజయాలు. బేలర్‌లో మొదటి ఏడు 1-11, తరువాత 7-6, మూడో ఏడు 11-3. ఈ లెక్క లింకన్‌లో చిన్న పిల్లలకు కూడా కంఠతా వచ్చు. మూడో ఏడు చూడండి, మూడో ఏడు చూడండి అని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆశకు ఒక తేదీ పడిందన్నమాట.

ఆ మొదటి ఏడాదే నేను అక్కడ ఉన్నాను. 5 గెలిచి 3 ఓడిన దశలో ఇంకొక్కటి గెలిస్తే చాలు. 6 విజయాలుంటే సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌కు అర్హత. 2016 తరువాత వాళ్ళకు ఆ భాగ్యం కలగలేదు. మిగిలిన నాలుగు ఆటలూ ఓడారు. తేడాలు 3, 3, 7, 3. మొత్తం కలిపితే పదహారు పాయింట్లు. నాలుగు వారాలు, పదహారు పాయింట్లు. మా చెల్లెలి కొడుకు ఆ వారాల్లో సరిగా అన్నం తినలేదని మా చెల్లెలు చెబితే నవ్వు రాలేదు నాకు. క్రికెట్ ఫైనల్ ఓడిన రాత్రి మన ఇళ్ళలో పొయ్యి వెలగని సంగతి మనకు తెలియనిదా!

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఇల్లు కట్టే మొదటి నెలల్లో దారిన పోయేవాళ్ళకు కనిపించేది గొయ్యి మాత్రమే. అంతకుముందున్న పాత గోడలు కూడా లేవు కాబట్టి, ఉన్నది కూడా పోయినట్టే కనిపిస్తుంది. పునాది సరిగా పడుతోందా లేదా అన్నది దగ్గరికి వెళ్ళి చూసేవాళ్ళకే తెలుస్తుంది. కట్టుబడిలో ఉన్న జట్టును గెలుపుల సంఖ్యతోనే కొలిస్తే గొయ్యిని చూసి ఇల్లు బాగాలేదన్నట్టే ఉంటుంది. చూడవలసినవి వేరే ఉన్నాయి. ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్ళను ఆపే కుర్రాళ్ళు నిరుటి కన్నా బలపడ్డారా? నాలుగో క్వార్టరులో, అంటే ఆట ఆఖరి పావు భాగంలో, కాళ్ళు తేలిపోతున్నాయా, నిలబడుతున్నాయా? బంతిని చేజేతులా వదిలేయడం తగ్గిందా? ఓడినప్పుడు ఎలా ఓడుతున్నారు? ఇవి ఆశించే హక్కు అభిమానికి పూర్తిగా ఉంది. గట్టిగా అడగాలి కూడా. ఓపిక పట్టమంటే కళ్ళు మూసుకోమని కాదు కదా.

ఇప్పుడు ఓపిక పట్టడం మునుపటి కన్నా కష్టమైందని కూడా ఒప్పుకోవాలి. ఒకప్పుడు కుర్రవాడు పద్దెనిమిదో ఏట చేరి నాలుగేళ్ళు అక్కడే ఎదిగేవాడు. నారు పోసి, నాటి, కలుపు తీసి పంట చూసుకున్నట్టు ఉండేది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఆటగాళ్ళు ఏటా ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో దానికి మారిపోగలుగుతున్నారు. 2021 నుంచి వాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లిస్తున్నాయి. ఈ పిల్లలకు ఆ డబ్బు రావడం న్యాయమే. ఒళ్ళు విరిగేలా ఆడేది వాళ్ళే కదా. కానీ దీని వల్ల అభిమాని లెక్క తారుమారైంది. దశాబ్దాలుగా ఓటములకే పేరుపడిన ఇండియానా 2023లో 3 గెలిచి 9 ఓడింది. కర్ట్ సిగ్నెట్టి అనే కొత్త కోచ్ తన పాత జట్టు నుంచి ఆటగాళ్ళను వెంటబెట్టుకొని వచ్చారు. 2024లో 11-2. 2025 సీజన్‌లో 16-0తో ఏకంగా జాతీయ చాంపియన్. ఇక ప్రతి ఊరి అభిమానీ తన కోచ్‌ను ఒకటే అడుగుతాడు: వాళ్ళకు రెండేళ్ళు చాలినప్పుడు మనకెందుకు చాలదు?

నెబ్రాస్కాకు రెండో ఏడు 7-6. న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజీ మీద 20-15తో బౌల్ మ్యాచ్ గెలిచారు. ఆ రోజు మావాడు లింకన్ నుంచి ఫోను చేసి ఏమి మాట్లాడాడో నాకు సగం అర్థం కాలేదు, అంత కేకలు వెనక. ఇక అందరూ ఎదురుచూసిన మూడో ఏడు, 2025. బాగానే మొదలైంది. నవంబరు మొదటి రోజు ఆటలో క్వార్టర్‌బ్యాక్ డిలన్ రాయోలా కాలి ఎముక విరిగింది. సీజన్ చివరి మూడు ఆటల్లో పెన్ స్టేట్, అయోవా, యూటా జట్ల చేతిలో ఘోరంగా ఓడారు. మళ్ళీ 7-6. సీజన్ ముగిశాక ఆ కుర్రవాడు పోర్టల్ దారిలో మరో విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. అతని తండ్రి కూడా ఒకప్పుడు ఇదే ఎర్ర చొక్కా తొడిగి ఆడినవాడు కాబట్టి ఊరికి అది మరింత నొప్పి.

మూడో ఏట 7-6 అంటే నేను సంతృప్తి పడను. చిన్న తేడా ఓటములు పెద్ద తేడా ఓటములయ్యాయంటే గోడ ఎక్కడో బీటలు వారినట్టే. అడగవలసినవాళ్ళు కోచ్‌ను అడగాలి. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ పిల్లవాడిని ఫోనులో తిట్టిపోయడం మాత్రం ఏ అభిమానానికీ తగదు. వాడికి సోమవారం పొద్దున క్లాసు ఉంటుంది. వాళ్ళ అమ్మ కూడా ఆ తిట్లు చదువుతుంది.

ఆ స్టేడియం గోడ మీద హార్ట్‌లీ బర్ అలెగ్జాండర్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యుడు రాసిన మాటలు చెక్కి ఉన్నాయి. తెలుగులో చెప్పాలంటే, గెలుపు కాదు, చేసిన పని; గమ్యం కాదు, ఆట; కీర్తి చేతలోనే ఉంది. 1923లో కట్టిన స్టేడియం అది, యుద్ధాలకు వెళ్ళిన వాళ్ళ స్మారకంగా. ఆ రాయి ముందు నిలబడి మావాడు నాకు ఫోటో తీశాడు. ఇలాంటి మాటలు గెలిచే రోజుల్లో చదవడానికి హాయిగా ఉంటాయి. ఆ శుక్రవారం మాత్రం ఎవరూ దాని వైపు చూడలేదు.

మా పక్క సీట్లలో ఒక ముసలి దంపతులు కూర్చున్నారు. ఆ సీట్లు ఆమె తండ్రి కాలం నుంచి వాళ్ళ కుటుంబానివట. ఆట పొడుగునా ఆయన చెవిలో చిన్న రేడియో ఉంది. కళ్ళ ముందు ఆట జరుగుతున్నా రేడియోలో వ్యాఖ్యానం వినకపోతే చూసినట్టు ఉండదన్నారు. రేడియోలో మాట్లాడుతున్న దానిని కాబట్టి ఈ సంగతి మీకు చెప్పకుండా ఉండలేను. ఓడిపోయాక ఆమె సంచిలో నుంచి మడతలు పడిన నోటు పుస్తకం తీసి పెన్సిలుతో 13-10 అని రాసింది. తరువాత వెనక్కి తిప్పి, అంతకుముందు ఏడాది సెప్టెంబరు పేజీ నాకు చూపించింది. జార్జియా సదరన్, 45-42.

"అదీ మూడు పాయింట్లే, ఇదీ మూడు పాయింట్లే. కానీ అప్పుడు నలభై అయిదు ఇచ్చాం. ఇప్పుడు పదమూడు ఇచ్చాం" అంది.

అయోవా ఆ ఏడు పాయింట్లు చేయడంలో బలహీనమైన జట్టేనని మావాడు మెల్లగా గుర్తుచేశాడు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నా పదమూడు కింద ఒక గీత గీసి పుస్తకం మూసింది.

ఆయన రేడియో తీసి జేబులో పెట్టుకున్నారు. కూర్చున్న మెత్త దులిపి మడిచి చంకన పెట్టుకుని, "మీ కారు ఎంత దూరంలో ఉంది? ఈ చలిలో ఆవిడను అంత దూరం నడిపించకు" అన్నారు మావాడితో.