ఖాళీ కుర్చీ కాలం
(కాలనీ గ్రంథాలయ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడే వింటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్లుగా నిలబెట్టిన వాళ్లందరి పేర్లూ చెప్పాలని ఉంది గానీ, ఒక్కరిని మరిచినా నాకు నిద్ర పట్టదు. అందరికీ కలిపి ఒకే దండం.

'నగరపాలక ఎన్నికల్లో ఓటు ఎందుకు వేయాలి' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. 2020 డిసెంబరు 1న మన హైదరాబాద్ మహానగరపాలక సంస్థ జీహెచ్ఎంసీలో 150 డివిజన్లకు, అంటే వార్డులకు, పోలింగ్ జరిగింది. ఓటర్లు 74 లక్షలకు పైనే. వేసినవాళ్లు సగం కూడా లేరు, 46 శాతం పైచిలుకు. దాని మీద మిమ్మల్ని నాలుగు మాటలు అందామనే వచ్చాను. కానీ అంతకన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఓటు వేయడం సంగతి తర్వాత, అసలు ఎన్నిక పెట్టాలి కదా!

ఈ నగరంలో 1986లో ఎన్నికైన నగరపాలక మండలి 1991లో దిగిపోయింది. మళ్లీ ఎన్నిక ఎప్పుడో తెలుసా? 2002 జనవరిలో. పదకొండేళ్లు! ఈ మధ్యలోనే 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 243-యు అధికరణం చదవండి, ఈ గ్రంథాలయంలో రాజ్యాంగం ఉంది. పురపాలక మండలికి ఐదేళ్లే గడువు, ఆ గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలని అందులో ఉంది. అలా రాసి ఉండగానే రాజధాని నగరంలో ఎనిమిదేళ్లకు పైగా ఎన్నిక లేదు.

ఆ కాలంలో మేం బేగంపేట నాలా పక్కన బస్తీలో ఉండేవాళ్లం. నేను సర్కారు బడిలో టీచర్ని. 2000 ఆగస్టు 24 ఈ సభలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. నాలా మా ఇళ్లలోకి వచ్చింది. బియ్యం, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డులు అన్నీ బురదలో కలిశాయి. నీళ్లు తీశాక ఆడవాళ్లమంతా కలిసి అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాం. ఏ ఆఫీసో పేరు అనవసరం. అక్కడి అధికారి మంచిగానే మాట్లాడారు. నాలాకు గోడ కట్టిస్తామన్నారు. నెలలు గడిచాయి, ఆయన బదిలీ అయ్యారు. కొత్తాయన ఫైలు కనిపించడం లేదు, మళ్లీ రాసివ్వండి అన్నారు. రాసిచ్చాం. ఆయనా బదిలీ అయ్యారు. మూడో ఆయన, 'అమ్మా, ఈ పని మా పరిధి కాదు' అన్నారు. ఎవరి పరిధి అని అడిగితే జవాబు లేదు.

నేను ఆ అధికారులను తిట్టడం లేదు. వాళ్లకు మా ఓటు అక్కర్లేదు. మా బస్తీలో రాత్రి నిద్రపోవాల్సిన అవసరం వాళ్లకు లేదు. అంతే తేడా. ఆ తేడా అంత పెద్దది.

2002లో కార్పొరేటర్ వచ్చాక నాలా ఒక్కరోజులో బాగుపడిందని చెప్పను. పడలేదు. కానీ తెల్లవారి ఆరింటికి వెళ్లి తలుపు కొట్టడానికి ఒక ఇల్లు దొరికింది. మా పక్కింటి పెద్దమ్మ అక్కడి గుమ్మంలో కూర్చుని, 'బిడ్డా, నువ్వొచ్చి చూసేదాకా నేను లేవను' అనేది. గోడ పని ఆ తర్వాతే మొదలైంది. ఆ పెద్దమ్మకు చదువు రాదు, అర్జీ రాయలేదు. ఫైలుతో ఆమె మాట్లాడలేదు, మనిషితో మాట్లాడగలదు. డివిజన్‌కు ఒక కార్పొరేటర్ ఉండాలని నేను పట్టుబట్టేది ఆమెలాంటి వాళ్ల కోసం.

2002లో ఇంకో విశేషం ఉంది. అప్పుడు మనం రెండు ఓట్లు వేశాం, ఒకటి కార్పొరేటర్‌కు, ఒకటి నేరుగా మేయర్‌కు. తీగల కృష్ణారెడ్డి గారు అలా గెలిచినవారే. ఆ తర్వాత నేరుగా మేయర్‌ను ఎన్నుకునే పద్ధతి పోయింది. ఇప్పుడు కార్పొరేటర్లు, వాళ్లతో పాటు పదవి రీత్యా సభ్యులుగా (ఎక్స్‌అఫీషియో) ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటున్నారు. 2020లో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, ఎంఐఎంకు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదు. 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి గారు మేయర్ అయ్యారు. ఆ మేయర్ ఓటు మళ్లీ మన చేతికి రావాలని నాకు గట్టిగా ఉంది. కానీ అది ఇంకో సభకు ఉంచుకుంటాను, లేకపోతే అధ్యక్షులవారు గంట కొడతారు.

అసలు మాటకొస్తాను. 2002లో ఎన్నికైన మండలి గడువు 2007లో తీరింది. ఆ ఏప్రిల్‌లోనే చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. ఎన్నిక మాత్రం 2009 నవంబరులో! రెండున్నరేళ్లకు పైగా స్పెషల్ ఆఫీసర్ పాలన, అంటే ఎన్నికైనవాళ్లు లేకుండా ప్రభుత్వం పెట్టిన అధికారి పాలన. ఆ మండలి గడువు 2014 డిసెంబరులో తీరింది. వార్డుల విభజన అన్నారు, ఓటర్ల లెక్క అన్నారు. హైకోర్టు గడువు పెట్టాక గానీ కదలలేదు. పోలింగ్ 2016 ఫిబ్రవరి 2న జరిగింది. మళ్లీ పద్నాలుగు నెలలు ఖాళీ. ఒక్క 2020లోనే, గడువుకు ముందే ఎన్నిక పెట్టారు. కరోనా ఉన్నా, బ్యాలెట్ పేపర్లతో పెట్టారు. కరోనాలో అయిన పని మిగతా రోజుల్లో ఎందుకు కాదు, చెప్పండి?

అదే ఎన్నికలో ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద ఒక పార్టీ గుర్తు తప్పు పడింది. పోలింగ్ ఆపి, రెండు రోజుల్లో మళ్లీ పెట్టారు. చాలా మంచి పని చేశారు, ఎందుకంటే ఓటరుకు సరైన గుర్తు చూసే హక్కుంది. మరి గుర్తు తప్పు పడితేనే రెండు రోజుల్లో దిద్దుకున్న వ్యవస్థ, మొత్తం నగరానికి ఓటే లేకుండా పదకొండేళ్లు పోతే ఎందుకు ఊరుకుంది? మనం ఊరుకున్నాం గనుక! అమ్మలూ, మనం అడగలేదు.

2020లో ఎన్నికైన మండలికి ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరి వరకే. వార్డులు పెంచాలి, శివారు మున్సిపాలిటీలను కలపాలి అన్న మాటలు మళ్లీ వచ్చాయి. కలపనీ, పెంచనీ, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పని పేరు చెప్పి ఎన్నిక వాయిదా వేయడానికి వీల్లేదు. ఇది నా మాట కాదు. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ నగరపాలక సంస్థ విషయంలో చెప్పిందే. ఎన్నిక సకాలంలో పెట్టడం రాష్ట్ర ఎన్నికల సంఘం బాధ్యత, ప్రభుత్వం సహకరించాలి అంది.

తమ్ముళ్లూ, మీ ఫోన్లలో ఇప్పుడే ఓటరు జాబితా తెరిచి మీ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ సభ అయ్యాక నా దగ్గరకు రండి, ఫారం నింపుదాం. తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టించాను. రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాసిన వినతి అది, ఆలస్యం లేకుండా ఎన్నిక పెట్టమని. ఏ పార్టీ పేరూ అందులో లేదు. చదివి సంతకం పెట్టండి. చదవలేని వాళ్లకు మన గ్రంథాలయం పిల్లలు చదివి వినిపిస్తారు, వేలిముద్రకు ఇంకు ప్యాడ్ కూడా ఉంది. సోమవారం పొద్దున నేనే తీసుకెళ్లి ఇచ్చి, ముట్టినట్టు రసీదు తెస్తాను. నాతో వచ్చేవాళ్లు ఎవరో ఇప్పుడు చేతులెత్తండి.