దారి పక్కన నిలిచిన సాక్ష్యం: అమెరికా చారిత్రక ఫలకాలపై సంభాషణ

సమర్పకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. అమెరికా రహదారుల పక్కన కనిపించే చారిత్రక ఫలకాల గురించి, అవి ఆయా ఊళ్ల చరిత్రను చెప్పిన తీరు గురించి ఈ సంచికలో మాట్లాడుకుందాం. ఈ విషయాన్ని శ్రద్ధగా అధ్యయనం చేస్తున్న అతిథి మనతో ఉన్నారు. నమస్కారమండీ. కారులో దాటిపోయేవారి కోసం చరిత్ర రాసి పెట్టాలన్న ఆలోచన ఎలా మొదలైంది?

అతిథి: నమస్కారమండీ. కార్లలో దూరప్రయాణాలు పెరిగిన 1920ల కాలంలో ఇది విస్తరించింది. వర్జీనియా రాష్ట్రం 1927లో చేపట్టిన పథకం ఇప్పటికీ నడుస్తున్న చాలా పాత పథకాలలో ఒకటి. దాని తొలి ఫలకాలను ఒకటో నంబరు జాతీయ రహదారి వెంట నిలబెట్టారు. అల్యూమినియంతో ఇలాంటి ఫలకాలను పోతపోసే కార్ఖానా ఒకటి ఒహాయో రాష్ట్రంలోని మారియెట్టాలో అదే ఏడాది మొదలై, నేటికీ అనేక రాష్ట్రాలకు వాటిని తయారు చేసి పంపుతోంది.

సమర్పకురాలు: అంత చిన్న ఫలకంలో చరిత్ర ఎంతవరకు ఇముడుతుందండీ?

అతిథి: వర్జీనియాలో ఒక ఫలకానికి సుమారు వంద మాటలకు మించి చోటుండదు. అందువల్ల ఏది చెప్పారన్నదానితో పాటు ఏది వదిలేశారన్నది కూడా చూడాలి. నేను ఏ ఫలకం దగ్గర ఆగినా ముందు అడుగున ఉన్న వరుస చదువుతాను. ప్రతిష్ఠించిన సంవత్సరం, ప్రతిష్ఠించిన సంస్థ పేరు సాధారణంగా అక్కడే ఉంటాయి. ఆ రెండూ తెలియకుండా పైనున్న వాక్యాలను నమ్మకూడదని నా అభిప్రాయం. లూసియానాలోని కోల్‌ఫాక్స్ ఇందుకు బలమైన ఉదాహరణ.

సమర్పకురాలు: అక్కడ ఏం జరిగిందో వివరంగా చెప్పండి.

అతిథి: 1872 నాటి గవర్నర్ ఎన్నికలో గెలిచింది తామేనని రెండు పక్షాలూ పట్టుబట్టాయి. ఆ వివాదం నడుమ, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు కోల్‌ఫాక్స్ న్యాయస్థాన భవనానికి కాపలాగా నిలిచారు. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం నాడు, ఆయుధాలు ధరించిన శ్వేతజాతి మూక వారిపై దాడి చేసింది. చనిపోయినవారిలో చాలామందిని లొంగిపోయిన తరువాతే చంపారు. మృతుల సంఖ్యపై అంచనాలు 60 నుంచి 150 వరకు ఉన్నాయి. నేరం రుజువైన కొద్దిమంది శిక్షలను కూడా 1876లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

సమర్పకురాలు: మరి ఫలకం ఏం చెప్పింది?

అతిథి: దాదాపు ఎనభై ఏళ్ల తరువాత, 1950 ప్రాంతంలో, అక్కడ పెట్టిన ఫలకం దీన్ని అల్లర్లుగా పేర్కొన్నది. ముగ్గురు శ్వేతజాతీయులు, 150 మంది నల్లవారు మరణించారని చెబుతూనే, ఈ సంఘటనతో దక్షిణాది రాష్ట్రాల్లో బయటివారి, అంటే అంతర్యుద్ధం తరువాత ఉత్తరాది నుంచి వచ్చినవారి, దుష్పరిపాలన ముగిసిందని ప్రకటించింది. అంత మంది చావును శుభపరిణామంగా లోహంలో పోతపోసి, న్యాయస్థానం దగ్గరే నిలబెట్టారు. హతుల వారసులు తమ పనుల మీద ఆ దారినే నడవవలసి వచ్చిందని తలచుకుంటే నాకు నేటికీ బాధ కలుగుతుంది. ఆ ఫలకం 1873 కంటే 1950 నాటి మనసునే ఎక్కువగా బయటపెడుతుంది. చివరికి 2021 మే నెలలో దాన్ని తొలగించారు.

సమర్పకురాలు: తొలగిస్తే చరిత్ర చెరిగిపోతుందని కొందరు వాదిస్తారు కదండీ?

అతిథి: ఆ వాదనను నేను తేలికగా తీసుకోను. ఫలకంలోని పాఠాన్ని, ఛాయాచిత్రాలను భద్రపరచాలి, పిల్లలకు చూపించాలి. అయితే ప్రభుత్వ స్థలంలో నిలబడిన ఫలకం ప్రభుత్వం మాటగానే చెల్లుతుంది కనుక, హత్యలను మెచ్చుకునే వాక్యానికి అక్కడ చోటు ఉండకూడదు.

సమర్పకురాలు: నిజం రాసిన ఫలకాలకు రక్షణ ఉంటుందా?

అతిథి: మిసిసిపీలో 1955 ఆగస్టులో పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను అపహరించి చంపి, తలాహాచీ నదిలో పడవేశారు. నిందితులిద్దరినీ అందరూ శ్వేతజాతీయులే అయిన జ్యూరీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 1956లో వారే ఒక పత్రికలో నేరం ఒప్పుకున్నారు. శవాన్ని బయటకు తీసిన చోటుగా గుర్తించిన గ్రాబాల్ లాండింగ్ వద్ద, అర్ధ శతాబ్దం గడిచాక, 2008లో తొలి ఫలకం వెలిసింది. దాన్ని దొంగిలించారు. రెండోదాన్ని తూటాలతో జల్లెడ చేశారు, మూడోదాన్నీ కాల్చారు. 2019లో తూటాలకు చెక్కుచెదరని ఉక్కుతో సుమారు 500 పౌండ్ల బరువున్న నాలుగో ఫలకాన్ని పాతారు. తూట్లుపడిన ఒక ఫలకాన్ని 2021లో వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికా చరిత్ర మ్యూజియంలో ప్రదర్శించారు. 2023 జూలైలో ఆ స్థలం ఎమెట్ టిల్, ఆయన తల్లి మేమీ టిల్-మోబ్లీ పేరిట ఏర్పడిన జాతీయ స్మారకంలో భాగమైంది.

సమర్పకురాలు: కోల్‌ఫాక్స్‌లో పాత ఫలకం స్థానంలో ఏమైనా వచ్చిందా?

అతిథి: వచ్చిందండీ. 2023 ఏప్రిల్ 13న, సరిగ్గా 150 ఏళ్లకు, తెలిసినంతవరకు బాధితుల పేర్లు చెక్కిన నల్ల గ్రానైట్ స్మారకాన్ని అక్కడ ఆవిష్కరించారు. హతుల వంశీకులు, దాడి చేసినవారి వంశీకులు కలిసి పనిచేసి దాన్ని సాధించారు.