ఏడవని తొమ్మిదేళ్ల పిల్ల

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి ఈ కోనసీమలో ఉన్నవాళ్లకు ఆ గాలి హోరు గురించి నేను చెప్పక్కరలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇంటి పెంకులు లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసి, తమ్ముణ్ణి నా ఒడిలో పెట్టి ఒకే మాట అంది: "నువ్వు ఏడవకు. నువ్వు ఏడిస్తే వాడు జడుసుకుంటాడు." నేను ఏడవలేదు. తెల్లవారాక చూస్తే పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టు నిలిచి లేదు. అప్పుడూ ఏడవలేదు. వచ్చిన చుట్టాలంతా ఎంత గుండెదిటవు గల పిల్ల అని మెచ్చుకున్నారు. ఆ మెప్పును ఇరవై ఏళ్లు మోశాను.

పెళ్లయ్యాక మా ఆయన రావడం అరగంట ఆలస్యమైతే నా చేతులు చల్లబడేవి. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే కేకలు వేసేదాన్ని. నా కొడుకు ఏడిస్తే దగ్గరకు తీసుకోకుండా "నోరు మూసుకో" అని గద్దించేదాన్ని. ఇదంతా మంచం కింది పిల్ల భయమేనని నాకై నాకు తెలియలేదు. ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చున్నాక తెలిసింది.

మనలోని పసిబిడ్డ అన్న మాట వినగానే కొందరికి అదేదో ఆత్మల వ్యవహారంలా తోస్తుంది. చిన్నప్పుడు ఆపద దాటడానికి మనసు పట్టుకున్న ఉపాయం, ఆపద పోయాక కూడా చెయ్యి వదలకపోవడమే అది. అమెరికాలోని శాన్ డియాగోలో 1995-97 మధ్య 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వారి బాల్యం గురించి అడిగారు. దెబ్బలు, లైంగిక హింస, ఇంట్లో తాగుడు, తల్లి హింసకు గురికావడం వంటివి ఎన్ని రకాలుగా అనుభవించి ఉంటే, పెద్దయ్యాక దిగులు జబ్బూ గుండెజబ్బూ అంత ఎక్కువగా కనిపించాయి. ఇది ఎవరి నుదుటి రాతా కాదు. కానీ "చిన్నప్పటి సంగతులు ఇప్పుడెందుకు" అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కరలేదు.

మన ఊళ్ల నుంచి ఇంటిపనులకు కువైట్, మస్కట్ వెళ్లిన తల్లులున్నారు. అమ్మమ్మల దగ్గర పెరిగిన ఆ పిల్లలకు మనం చెప్పిందేమిటి? మీ కోసమే కదా వెళ్లింది, ఏడుపెందుకు అని. వాళ్లలో కొందరు ఈరోజు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు.

ఆ నిపుణురాలు నాకు చేయించిన పని ఇది. కళ్లు మూసుకుని, ఇప్పటి వయసుతో ఆ తుఫాను రాత్రి ఇంట్లోకి వెళ్లమన్నారు. రెండు వారాలు గడప దాటలేకపోయాను. మూడోసారి లోపలికి వెళ్లి, ఆ పిల్ల ఒడిలోంచి తమ్ముణ్ణి తీసుకున్నాను. "వీణ్ణి నేను చూసుకుంటాను. నువ్వు ఏడువమ్మా" అన్నాను. ఆ కుర్చీలోనే ముప్పావుగంట ఏడ్చాను. గాలి అలాగే వీస్తుంది, పెంకులు అలాగే లేస్తాయి. కానీ ఇప్పుడు ఆ గదిలో పెద్దవాళ్లొకరు ఉన్నారు.

తొందరపడకండి. మన కాలువ లాకుల దగ్గర పడవ ఎలా దాటేదో పెద్దలు చూసే ఉంటారు. రెండు తలుపులూ మూసి, నీటిమట్టం సమమయ్యాకే ముందు తలుపు తీసేవారు. ఇక్కడా అంతే. ముందు కాళ్ల కింద నేలనూ ఊపిరినీ గమనించడం, కాస్త లోపలికి వెళ్లడం, మళ్లీ వెనక్కి రావడం. ఒంటి మీద చెయ్యి పడ్డ బాల్యమైతే ఒంటరిగా అసలు మొదలుపెట్టవద్దు. శిక్షణ ఉన్న మనిషి పక్కన ఉండాలి. ఒకేసారి పదిమంది మధ్య ఏడిపించి పంపించేయడం వైద్యం కాదని గట్టిగా చెబుతాను.

అమ్మ మీద కోపం రాలేదా అని అడుగుతారు. వచ్చింది. ఒక మధ్యాహ్నం అడిగేశాను కూడా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రాత్రి నాకూ ఇరవై ఎనిమిదేళ్లే కదే. నన్నెవరు పట్టుకున్నారు?" అంది.

మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పుడే ఆపదలో ఉన్న పిల్లలకు 1098. గ్రంథాలయం మూసేదాకా నేను బయట అరుగు మీద ఉంటాను. పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చోండి.