కంచికి వెళ్లి తిరిగొచ్చే కథలు

శ్రోతలకు నమస్కారం.

కథ ముగించేటప్పుడు ‘కథ కంచికి, మనం ఇంటికి’ అంటాం కదా. సీజన్‌కో కథను కంచికి పంపేసి, దాదాపు అదే నటులతో కొత్త కథ మొదలుపెట్టే సిరీస్ ఒకటుంది. పేరు ‘అమెరికన్ హారర్ స్టోరీ’. రయన్ మర్ఫీ, బ్రాడ్ ఫాల్చక్ కలిసి రూపొందించారు. 2011 అక్టోబరులో అమెరికాలో ఎఫ్‌ఎక్స్ చానల్‌లో మొదలైంది. నేను 12 సీజన్లు చూశాను. బాగుంటుందా అని ఎవరైనా అడిగితే, ఏ సీజన్ అని తిరిగి అడుగుతాను.

మొదటి సీజన్ లాస్ ఏంజెలిస్‌లోని ఒక పాత ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఆ ఇంట్లో చనిపోయినవాళ్లు అక్కడే ఉండిపోవాలి. హాలోవీన్ రోజు మాత్రం బయటికి వెళ్లొచ్చు. ఈ ఒక్క షరతు చాలు, ఎవరు మెట్లెక్కుతున్నా మనకి టెన్షనే. చస్తే చచ్చారు, గేటు దాటి చావండిరా బాబూ అని టీవీ ముందు కూర్చుని కేకలు కూడా వేశాను.

2013లో వచ్చిన మూడో సీజన్ ‘కోవెన్’ దగ్గర పేచీ వచ్చింది. న్యూ ఆర్లీన్స్‌లో మంత్రగత్తెల బడి. చూడటానికి కన్నులపండువ, మాటల్లో మంచి వెటకారం. కానీ చచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చేస్తుంటే ఇక భయం ఎక్కడిది? అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టింది డెల్ఫిన్ లాలోరీ పాత్ర. ఆమె నిజంగా ఉన్న మనిషి. అదే ఊళ్లో తన బానిసలను చిత్రహింసలు పెట్టిన ధనవంతురాలు. 1834లో ఇల్లు అంటుకుంటే ఆ ఘోరం బయటపడింది. అలాంటి మనిషిని ఈ కాలంలోకి తెచ్చి, కొన్ని సీన్లలో నవ్వులకు వాడుకున్నారు. ఆ పాత్ర వేసిన కాథీ బేట్స్‌కి 2014లో టీవీ నటనకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. నటన చూస్తే ఇవ్వాల్సిందే. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

2016 నాటి ‘రోనోక్’ డాక్యుమెంటరీ వేషంలో వచ్చింది. సగం దాకా ఒక ఇంట్లో జరిగిన ఘోరాలను అనుభవించినవాళ్లు చెబుతుంటే నటులు నటించి చూపిస్తారు. తర్వాత చెప్పినవాళ్లనీ నటించినవాళ్లనీ తీసుకెళ్లి అదే ఇంట్లో పెడతారు. ఆ తెలివికి దండం పెట్టాను. 2018లో ‘అపోకలిప్స్’ మాత్రం మొదటి, మూడో సీజన్ల మనుషులను మళ్లీ పిలిచింది. కంచికి వెళ్లిన కథను బస్సెక్కించి వెనక్కి తెచ్చినట్టుంది.

నా మనసులో నిలిచిపోయింది రెండోది, ‘అసైలమ్’. 1964లో, మసాచుసెట్స్‌లో చర్చి నడిపే పిచ్చాసుపత్రి. నిజానికి అదీ కప్పల తక్కెడే: దెయ్యం పట్టిన నన్, నాజీ డాక్టర్, సీరియల్ కిల్లర్, చాలదన్నట్టు గ్రహాంతరవాసులు. వాళ్లెందుకొచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా కథ జారిపోకుండా పట్టుకున్నది జెసికా లాంగ్ వేసిన సిస్టర్ జూడ్. వార్త రాయడానికి వచ్చిన జర్నలిస్టును రోగిని చేసి తాళం వేసిన ఆమే, కొన్ని ఎపిసోడ్లు గడిచేసరికి అక్కడే రోగి అవుతుంది. షాక్ ట్రీట్‌మెంట్ తర్వాత అయోమయంగా జూక్‌బాక్స్ అనే పాటల పెట్టె దగ్గరికి వస్తుంది. పాట మొదలవగానే ఆమె ఊహలో హాలంతా హుషారుగా ఆడుతుంది, మధ్యలో ఆమె పాడుతుంటుంది. పాట అయిపోతుంది. ఆమె మాత్రం ఆ పెట్టె దగ్గరే నిలబడి ఉంటుంది. ఆ సీన్లో రక్తపు చుక్క లేదు. నేను లేచి లైటు వేసుకున్నాను.