బాతుకు బూడిద చల్లే ముందు

[నీళ్ల తొట్టి దగ్గర. వెనుక 3 బాతులు.]

నమస్కారం. మా బాతులకు పేలు పట్టాయి, ఏ పొడి చల్లాలి అని చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నల కింద వచ్చే జవాబులు కూడా ఎప్పుడూ ఒకటే: పొయ్యి బూడిద చల్లండి, వేపాకు పొడి రాయండి, డయాటం మట్టి తెప్పించండి. నాకు బాధ కలిగేది ఒక్క విషయానికే. ఈ సలహాలన్నీ కోళ్లకు చెప్పినవి. బాతు కోడి కాదు.

కోడి మట్టిలో పొర్లుతుంది. గుంట తవ్వుకుని, దుమ్ము ఈకల మొదళ్ల దాకా ఎగజల్లుకుని దులుపుకుంటుంది. దాని స్నానమే పొడి స్నానం. అందుకే ఆ గుంటలో కాస్త బూడిద కలిపితే మిగతా పని కోడే చేసుకుంటుంది. బాతు స్నానం నీళ్లలో. మీరు పొద్దున్నే పట్టుకుని ఒళ్లంతా బూడిద పూసి వదిలితే నేరుగా తొట్టిలోకే పోతుంది. తొట్టి అడుగున బూడిద, బాతు ఒంటి మీద పేలు, రెండూ భద్రంగా ఉంటాయి.

అసలు ఈ పొడులు పురుగును ఎలా చంపుతాయో తెలిస్తే ఎక్కడ వాడాలో దానంతట అదే అర్థమవుతుంది. మన ఇంట్లో ఆవకాయ జాడీని తలచుకోండి. ముక్కల పైన నూనె తేలి ఉన్నంతకాలం లోపలి పచ్చడికి ఏమీ కాదు. పేను, నల్లి, గోమారి, ఏ పురుగైనా అలాంటి జాడీయే. దాని ఒంటి మీద సన్నటి మైనపు పూత ఉంటుంది. లోపలి తడి బయటికి పోకుండా ఆ పూతే కాపాడుతుంది. డయాటం మట్టి అంటే కంటికి కనిపించని ఒకరకం నాచు తాలూకు సిలికా గుల్లలు, లక్షల ఏళ్లపాటు నీటి అడుగున పేరుకుని గట్టిపడినవి. ఆ పొడి పురుగు ఒంటి మీది పూతను పీల్చేస్తుంది. జాడీ పైన నూనె పోయినట్టే. ఇక పురుగు లోపలి తడి ఆరిపోయి చస్తుంది. విషం ఏమీ లేదు, ఎండబెట్టడమే. మన పెద్దవాళ్లు విత్తనాల పెసలకు బూడిద కలిపి దాచేవారు కదా, అక్కడ జరిగేదీ చాలావరకు ఇదే.

ఇప్పుడు తడి గరిటె సంగతి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇంట్లో ఎంత గొడవ అవుతుందో మీకు తెలుసు. ఈ పొడులకూ తడి అలాగే శత్రువు. తడిసిన డయాటం మట్టి ఇక దేన్నీ పీల్చుకోలేదు, అది ఒట్టి బురద. తడిసిన కట్టె బూడిద ఇంకా ప్రమాదం. అందులోంచి క్షారం దిగుతుంది, చర్మాన్ని మండిస్తుంది. అంటే ఎప్పుడూ తడిగా ఉండే పక్షి మీద పొడిగా ఉంటేనే పనిచేసే మందు వాడుతున్నాం.

జాడీ మాట ఇంకొంచెం సాగదీస్తాను, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. బాతు కూడా జాడీయే.

[కెమెరా దగ్గరగా: తొట్టిలోంచి బయటికి వచ్చిన బాతు.]

దీన్ని చూడండి. నీళ్లలోంచి వచ్చింది, ఒక్కసారి విదిలించుకుంది. ఇప్పుడు మెడ వెనక్కి తిప్పి తోక మొదట్లో ముక్కు రుద్దుతోంది. అక్కడ చిన్న నూనె గ్రంథి ఉంది. ముక్కుకు నూనె అంటించుకుని రొమ్ము ఈకలు ఒక్కొక్కటే దువ్వుతోంది. తర్వాత తలను కూడా ఆ గ్రంథికే రుద్దుతుంది, ఎందుకంటే తలను ముక్కుతో దువ్వుకోలేదు. బాతు తన జాడీ మీద తానే నూనె పోసుకోవడమంటే ఇది. ఇలా దువ్వుకుంటూనే పేలను ఏరేస్తుంది. ముక్కు కొన కత్తిరించిన కోళ్లలో పేలు పెరుగుతాయి, ఏరుకునే సాధనం పోయింది కాబట్టి. మరి మీరు ఈకల నిండా నూనె పీల్చే పొడి పట్టించారనుకోండి. అది పేను పూతనే పీల్చి బాతు నూనెను వదిలేస్తుందా?

కాబట్టి బాతుకు మొదటి మందు పొడి కాదు, నీళ్లు. తల పూర్తిగా మునిగేంత లోతున్న తొట్టి, రోజూ మార్చే నీళ్లు. తాగడానికి పళ్లెంలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి పెంచే ఇళ్లలో బాతుల కళ్లు పుసులు కట్టి, మెడ ఈకలు మాసిపోయి ఉంటాయి. నీళ్లు ఉండి కూడా ఒక బాతుకే విపరీతంగా పేలు ఉన్నాయంటే అది దువ్వుకోవడం ఎందుకు మానేసిందో వెతకండి. జబ్బు పడిందా, కుంటుతోందా? పేలు చాలాసార్లు కారణం కాదు, కబురు.

మరి పొడికి చోటే లేదా? ఉంది, బాతు పడుకునే చోట. అక్కడే అసలు దొంగలు ఉంటారు. పేను పుట్టుక, చావు పక్షి ఒంటి మీదే. ఎర్రనల్లి, గోమారి అలా కాదు. పగలంతా గోడ పగుళ్లలో, చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి వెళ్లిపోతాయి. కోడి గోమారి, కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు, రక్తం తాగడంతో ఆగదు. కోళ్లకు, బాతులకు ప్రాణం తీసే జ్వరాన్ని కూడా అంటిస్తుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. పగలు బాతును పట్టుకుని పొడి పూస్తే, ఆ సమయానికి దొంగ ఇంట్లోనే లేడు.

రాత్రి టార్చితో వెళ్లి గూటి చెక్కల సందులు చూడండి. తెల్ల గుడ్డతో తుడవండి, ఎర్రటి మరకలు పడితే ఎర్రనల్లి ఉన్నట్టు. అప్పుడు పాత ఊక అంతా తీసేసి, గూడు కడిగి, పూర్తిగా ఎండనిచ్చి, పగుళ్లు మూసి సున్నం కొట్టండి. ఆరిన తర్వాత సందుల్లో, మూలల్లో, గుడ్లు పెట్టే గంప అడుగున పలుచగా డయాటం మట్టి గానీ జల్లించిన బూడిద గానీ వేయండి. పైన పొడి ఊక. తాగే నీళ్లు గూటి బయటే పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి ఆ ఊక అంతా తడి గరిటె పెట్టిన జాడీ అవుతుంది.

మన ఊళ్లలో బాతు గుడ్లను కోడి కింద పొదిగిస్తాం. కోడి గుడ్లకు 21 రోజులు, బాతు గుడ్లకు 28. ఆ 28 రోజులు పొదుగు కోడి గంపలోంచి పెద్దగా లేవదు, సరిగా పొర్లదు, పురుగు పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. కోడిని కూర్చోబెట్టే ముందే గంప అడుగున బూడిద వేయడం మన వాళ్లు చేసే పనే, మంచి పని. అక్కడ పొడి పొడిగానే ఉంటుంది.

ఒక గట్టి హెచ్చరిక. ఏ పొడినైనా ఎగజల్లవద్దు. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులు ఉంటాయి, దుమ్ము చాలా లోపలికి పోతుంది. బాతులు బయట ఉన్నప్పుడే వేయండి, మీ ముక్కుకు మాస్కు కట్టుకోండి. నీటి ఫిల్టర్ల కోసం అమ్మే డయాటం మట్టి అసలు వద్దు. దాన్ని బాగా కాల్చి తయారు చేస్తారు, అందులోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. రైస్ మిల్లు బాయిలర్ బూడిదకూ ఇదే మాట. పూర్తిగా కాలిన ఊక బూడిదలో దాదాపు అంతా సిలికాయే, మంట వేడి ఎక్కువైతే అదీ స్ఫటికంగా మారుతుంది.

మిగతా పొడులు త్వరగా చెప్పేస్తాను, వీడియో ఇప్పటికే పెద్దదైంది. వేప: అసలు శక్తి గింజలో ఉంది, ఆకులో చాలా తక్కువ. అది పురుగు ఎదుగుదలను ఆపుతుంది, వెంటనే చంపదు. పసుపు: గాయానికి సరే, పేనుకు కాదు. సీతాఫలం గింజల పొడి: దయచేసి వద్దు. తలలో పేలకు రాసుకుని కళ్లు దెబ్బతిన్న మనుషులు ఉన్నారు, బాతు ఆ ఒంటి మీదే తల పెట్టి పడుకుంటుంది. పొగాకు పొడి: నికోటిన్ విషం, బాతుకూ విషమే. పైరిత్రం: చామంతి జాతి పువ్వు నుంచి వచ్చినదే, కానీ చేపలను చంపుతుంది. చెరువు గట్టున బాతులు పెంచేవాళ్లు దాని జోలికి పోవద్దు. ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి హాని లేదు అనే మాట నన్ను నిజంగా భయపెడుతుంది.

కడుపులో నట్టలకు మేతలో డయాటం మట్టి కలపమంటారు. కడుపు అంతా తడి, అక్కడ ఆ పొడి దేన్ని ఎండబెడుతుంది? బాతులు నత్తలు తింటాయి, కొన్ని రకాల నట్టలు వాటి నుంచే వస్తాయి. రెట్ట పరీక్ష చేయించి, పశువైద్యుడు చెప్పిన మందు వాడండి. ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడగండి.

పేలు మరీ ఎక్కువై బాతు నీరసంగా ఉంటే అప్పుడూ డాక్టరు దగ్గరికే. చాలా మందులకు పేల గుడ్లు చావవు, ఈక మొదట్లో తెల్లటి గుత్తులుగా అంటుకుని ఉంటాయి. అందుకే వారం, 10 రోజులకు మళ్లీ రెక్కల కింద, తోక కింద ఈకలు విడదీసి చూడాలి.

చివరగా పిల్లలు. కోడి కింద పుట్టిన బాతు పిల్లకు తల్లి బాతు ఈకల నూనె అంటదు, కాబట్టి మొదటి వారాల్లో లోతు నీళ్లలో ఎక్కువసేపు వదలకండి, తడిసి వణికిపోతుంది. దాని ఒంటికి మాత్రం ఏ పొడీ రాయవద్దు. పొడి ఊక, వెచ్చటి మూల, తల మాత్రం ముంచుకునేంత నీళ్లు, అంతే చాలు.