చెరువు పోయింది, దోమ మారింది

ఈ సీసా చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. మా వీధి చివర సెల్లార్ కోసం తవ్వి, పని ఆగిపోయి వదిలేసిన గుంత ఒకటుంది. నిన్న పొద్దున అందులోంచి ముంచి తెచ్చిన నీళ్లివి. తేటగానే ఉన్నాయి కదా? ఇదిగో, ఈ పురుగులు చూడండి. దోమ పిల్లలివి, లార్వాలంటారు. నీటి పైపొరకి అంటుకుని బల్లపరుపుగా పడుకున్నాయి. తల కిందికి పెట్టి వేలాడుతుంటే క్యూలెక్సో, ఏడిసో, అలా వేరే రకం దోమ అయ్యుండేది. ఇలా పడుకునేది అనాఫిలిస్. ఇందులో అన్ని రకాలూ మలేరియాని మోయవు గానీ, మనుషులకి మోసేవన్నీ ఈ అనాఫిలిస్ గుంపులోవే.

మురికి ఉంటేనే దోమలు వస్తాయని మనకో నమ్మకం. సగమే నిజం. ఒక్కో దోమకి ఒక్కో రకం నీళ్లు కావాలి. మనం నేలని ఎలా మారిస్తే అలాంటి దోమ దిగుతుంది.

హైదరాబాద్‌నే తీసుకోండి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లోనే. ఆయన పనిచేసిన బిల్డింగ్ బేగంపేటలో ఇప్పటికీ ఉంది. రోజూ అటు వెళ్తూ కూడా దాన్ని గమనించనివాళ్లు ఎందరో!

ఇక ఈ ఊరి చెరువుల సంగతి. చెరువు బాగున్నప్పుడు దోమ అందులో గుడ్లు పెట్టదని కాదు. పెడుతుంది. కానీ చేపలు, తూనీగ పిల్లలు ఆ లార్వాలని బతకనివ్వవు. మనమేం చేశాం? మురుగు నాలా తెచ్చి చెరువులో కలిపాం. నీటిలో ఆక్సిజన్ పడిపోయింది, చేపలు చచ్చాయి. క్యూలెక్స్ లార్వాకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, తోక దగ్గరున్న గొట్టాన్ని పైకి పెట్టి బయటి గాలే పీల్చుకుంటుంది. ఆ తర్వాత గుర్రపు డెక్క కమ్మేసింది. దాంతోపాటు మాన్సోనియా అనే ఇంకో దోమ వచ్చింది. ఇదింకా గడుసుది. దీని లార్వా గాలి కోసం పైకే రాదు. డెక్క వేరుకి గొట్టం గుచ్చి, అందులో ఉన్న గాలి లాగేస్తుంది. నీటి మీద నూనె పోసినా దీనికి పట్టదు. డెక్క పీకేయాల్సిందే.

ఆ చెరువులో కొంత పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టారనుకోండి. అప్పుడు ఏడిస్ వస్తుంది, డెంగీ దోమ. కూలర్, పాత టైరు, మూత సరిగ్గా పడని డ్రమ్ము... దానికి ఇవి చాలు. గుడ్లు నీటి అంచుకి కాస్త పైన, గోడకి అంటించి పెడుతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పగులుతాయి. అందుకే డ్రమ్ము ఖాళీ చేస్తే సరిపోదు, లోపల గట్టిగా రుద్దాలి.

కట్టడం జరుగుతున్నప్పుడు సిమెంటు గట్టిపడటానికి పోసే క్యూరింగ్ నీళ్లు, మూతల్లేని సంపులు ఉంటాయి. పట్నంలో మలేరియాని మోసే అనాఫిలిస్ స్టెఫెన్సీకి కావాల్సింది అదే. మలేరియా ఎక్కువున్న అడవి ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు, తలుపుల్లేని గదుల్లో, దోమతెర లేకుండా ఆ పక్కనే పడుకుంటారు. రోగం వాళ్లే తెచ్చారని చాలా ఈజీగా అనేస్తాం. అక్కడ పడుకోబెట్టింది ఎవరు?

ఇదే స్టెఫెన్సీ సముద్రం దాటి 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించింది. అప్పటికి ఆ చిన్న దేశంలో మలేరియా దాదాపు పోయినట్టే, ఆ ఏడాది నమోదైన కేసులు 27. 2020 నాటికి 73 వేలు దాటాయి. ఆఫ్రికాలో మలేరియా అంటే పల్లెల రోగం అనుకునేవారు. ఈ దోమకి నగరంలోని నీళ్ల ట్యాంకే చాలు.

మళ్లీ మా గుంత దగ్గరికి వద్దాం. స్థలం కోర్టు కేసులో ఉందట. నీళ్లు తోడించమని అడిగితే, మోటార్ లేదన్నాడు వాచ్‌మన్. సాయంత్రం ఫాగింగ్ బండి వచ్చింది. పొగ చంపేది ఎగిరే దోమల్నే, నీళ్లలో ఉన్నవాటిని ఏమీ చేయదు. వీధంతా తెల్లగా పొగ వదిలి, గుంత పక్కనుంచే వెళ్లిపోయింది.